గుండ్లకమ్మ తీరమున క్లౌ దొర

శిశుప్రాయములోనే నీళ్లు చల్లించుకొన్న అత్త, పెద్దయిన పిమ్మట నీటిలో మునిగిన కోడలు ఒకే ఇంట నున్నచో, ఏది నిజమైన బాప్తిస్మమను మాట ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. ఆరాధనలో డప్పు, హార్మోనియము ఉండవచ్చునా అన్నది దాని వెనుకనే వచ్చెడి రెండవ తగవు. కినత్తుకడవు మొదలుకొని కేరళ సరిహద్దు వరకు గల మన పల్లెల తెలుగు పాఠకులకు ఈ రెండు తగవులకును సంబంధించిన ఒక జీవితమును పరిచయము చేయుచున్నాము. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రజలకు ఆయన క్లౌ దొర.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున భూములు కొలిచెడి సర్వే పని నేర్చెను. ఈ విద్య ఆయనకు తరువాత ఎంత అక్కరకు వచ్చెనో ముందు చూడగలము. 1864 నవంబరులో బోస్టనులో ఓడ యెక్కి, 1865 ఏప్రిల్లో మద్రాసు చేరెను. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషనుకు నెల్లూరు ఒక్కటే స్థావరము. ఫలితము లేదని దానిని మూసివేయుటకు స్వదేశములో పలుమార్లు ఆలోచన సాగినది. దానికి ఒంటి నక్షత్రమని పేరు. క్లౌ 1866లో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అచట సంఘము ఏర్పడెను.

ఆయనకు కుడిభుజమైనవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారము చేసెడి మాదిగ కులస్థుడు, అంతకుముందు రాజయోగ మార్గమున గురుశిష్య సంప్రదాయములో నడచినవాడు. పేరయ్య లేనిదే తాళ్లకొండపాడు లేదు, తాళ్లకొండపాడు లేనిదే ఒంగోలు సంఘము లేదు. 1867 జనవరిలో క్లౌ ఆ పల్లెకు పోయినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. వారు మానవలసినవి మూడు: విగ్రహారాధన, ఆదివారపు పని, చచ్చిన పశువుల మాంసము. మూడవది మనకు చిన్న విషయముగా తోచవచ్చును గాని, ఆకలి తెలిసినవారికి అది చిన్నది కాదు.

ఒంగోలులో పై కులములవారు కొందరు సంఘమునకు దగ్గరగుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని తెలిపిరి. క్లౌ, ఆయన భార్య హారియట్ వేర్వేరు గదులలో ఉండి బైబిలు తెరువగా ఇద్దరికిని ఒకే భాగము కనబడెనని చెప్పుదురు. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయము. దేవుడు లోకము తృణీకరించినవారిని ఏర్పరచుకొనెనని అందులో ఉన్నది. మాదిగలు లోపలికి వచ్చిరి. పై కులములవారు వెనుకకు మరలిరి.

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమున ఘోర క్షామము సంభవించెను. బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వుటకు క్లౌ స్వయముగా కంట్రాక్టు తీసికొనెను. పాత సర్వే విద్య ఇచట పనికివచ్చినది. పల్లెలనుండి వచ్చిన కూలీలకు మేస్త్రీలు ఆయన బోధకులే. పగలు మట్టి తవ్వకము, విరామమున ప్రసంగము. బాప్తిస్మము కోరినవారు వేలకొలది. అయినను కూలి ఇచ్చుచున్నంతకాలము ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. అన్నముకొరకు మతము పుచ్చుకొన్నారను నింద తప్పించుటయే దీని ఉద్దేశము.

పని ముగిసిన పిదప ఆ వెల్లువ ఆపశక్యము కాలేదు. ఒంగోలుకు ఉత్తరమున వెలంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది మునిగిరి. మూడు దినములలో 3,536 మంది. క్లౌ నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, ఎండ ముదిరినప్పుడు ఆగి, మరల సాయంకాలము వరకు కొనసాగించిరి. ఆ సంవత్సరము ముగియులోపల సంఖ్య 9,606కు చేరెను.

ఈ లెక్క తగవునకు దారితీసెను. పెంతెకొస్తు దినమున యెరూషలేములో మూడు వేలమందిని ఒక్క దినమున ముంచుట అసాధ్యమని, కావున నీళ్లు చల్లియే ఉందురని వాదించినవారికి బాప్టిస్టులు గుండ్లకమ్మను చూపిరి. ఇంతమంది విశ్వాసమును ఎవరు పరీక్షించిరని మరికొందరు అడిగిరి. ఈ రెండవ ప్రశ్నయే బరువైనదని నా అభిప్రాయము. కూలి నిలిచిన తరువాతనే బాప్తిస్మము ఇచ్చుట నిజాయితీయే. అయినను క్షామపు నీడ అప్పటికి పూర్తిగా తొలగలేదు. కతోలిక గురువులు తన ప్రజలను చేర్చుకొందురేమోయను భయము కూడ క్లౌను త్వరపెట్టినది.

డప్పు సంగతి వేరు. జాతరలో డప్పు మ్రోగించుట ఊరు మాదిగలకు విధించిన చాకిరి. విశ్వాసులైనవారు దానికి నిరాకరింపగా ఊరిపెద్దలు బావి నీరు, కూలి పని నిలుపుటకు తెగించిరి. కోయంబత్తూరు జిల్లాలో తెలుగు మాట్లాడెడి అరుంధతీయ కుటుంబములకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. పఱై పట్టిన చేతికి ఊరు కట్టెడి విలువ ఎంతో వారెరుగుదురు. అమెరికాలో క్రీస్తు సంఘములవారు క్రొత్త నిబంధన ఆరాధనలో వాద్యము చెప్పలేదని విడిచిరి. 1906 నాటి మత గణనలో వారిని వేరు శాఖగా లెక్కించిరి. అది గ్రంథపు తగవు. మనది అవమానపు తగవు. ఈ రెంటిని కలిపి వాదించుట పొరపాటు. తెలుగు సంఘములలో పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలు రాగతాళములతోనే ఆరాధనలో నిలిచినవి.

హారియట్ 1893లో మరణించెను. మరుసటి సంవత్సరము క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. ఆయన 1910 నవంబరు 24న రోచెస్టరులో మరణించెను. ఎమ్మా కూర్చిన ఆయన జీవితకథ 1914లో వెలువడెను. తెలుగు పల్లెలో మనిషి ఒంటరిగా కాక బంధువులతో, పాలెముతో కలిసియే నిర్ణయించుకొనునని తాను ఆలస్యముగా గ్రహించితినని ఆయన అందులో ఒప్పుకొనెను.