గుహ బయటే కూర్చున్న బాబర్

పానిపట్ యుద్ధం గురించి మన పిల్లలు బడిలో చదువుకుంటారు. దానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు బాబర్ ఇంకో పెద్ద పరీక్షను ఎదుర్కొన్నాడు. అక్కడ శత్రు సైన్యం లేదు. ఉన్నదల్లా గుండెల లోతు మంచు, ఎముకలు కొరికే చలి, ఆకలితో అలసిపోయిన మనుషులు. ఆ సంగతి చాలామందికి తెలీదు.

బాబర్ 1483 ఫిబ్రవరి 14న ఫర్గానాలో పుట్టాడు. పన్నెండో ఏటే తండ్రి చనిపోవడంతో గద్దెనెక్కాడు. సమర్‌ఖండ్‌ను గెలిచాడు, పోగొట్టుకున్నాడు. చివరికి సొంత ఊరూ చేజారింది. 1504లో కాబూల్ దక్కాక గానీ ఆయన కాలికి నిలకడ రాలేదు.

1506లో హెరాత్ పాలకుడు సుల్తాన్ హుసేన్ బైఖరా నుంచి పిలుపొచ్చింది. ఉజ్బెక్ నాయకుడు షైబానీ ఖాన్‌ను అందరం కలిసి ఎదుర్కొందామని. బాబర్ బయల్దేరాడు గానీ, ఆయన చేరేలోపే సుల్తాన్ కన్నుమూశాడు. కొడుకులు మర్యాదలు బాగా చేశారు, విందులు ఇచ్చారు. యుద్ధం సంగతి మాత్రం పక్కన పెట్టేశారు. చలికాలం ఇక్కడే ఉండమన్నారు గానీ సైన్యం ఉండటానికి సరైన ఏర్పాట్లు చేయలేదు. కాబూల్‌లో ఏం జరుగుతోందోనన్న బెంగ ఒకవైపు. దాంతో హిజ్రీ 912 షాబాన్ నెలలో, అంటే 1506 డిసెంబర్ చివర్లో, బాబర్ తిరుగుప్రయాణం కట్టాడు. అప్పుడాయన వయసు 23 ఏళ్లు.

కాబూల్‌కు రెండు దారులున్నాయి. కాందహార్ మీదుగా వెళ్తే దూరం ఎక్కువ, కానీ భయం లేదు. కొండల మీదుగా వెళ్తే దగ్గర, కానీ చలికాలంలో ప్రాణాలకే ముప్పు. బాబర్ మనసు కాందహార్ దారి వైపే ఉంది. ఆయన దగ్గర పెద్ద సర్దారైన ఖాసిం బేగ్ మాత్రం కొండదారే మేలని పట్టుబట్టాడు. ఆ మాటే నెగ్గింది.

ముందుకు వెళ్లేకొద్దీ మంచు పెరిగింది. మొదట గుర్రాల మోకాళ్ల దాకా, తర్వాత రికాబుల పైదాకా. దారి చూపడానికి వచ్చిన పాషాయి అనే మనిషికే దారి తప్పింది. ఇక ఒకటే మార్గం మిగిలింది. మనుషులే ముందు నడిచి, మంచును కాళ్లతో తొక్కి బాట చేయాలి.

కొండదారి పట్టించిన ఖాసిం బేగ్ ఇప్పుడు వెనక్కి తగ్గలేదు. కొడుకులతో సహా గుర్రం దిగి మంచులోకి నడిచాడు. బాబర్ కూడా దిగాడు. పది పదిహేను మందే ఆ పని చేశారు. అడుగు వేస్తే నడుం దాకా, ఒక్కోచోట రొమ్ము దాకా దిగబడేది. ముందున్నవాడు కొన్ని అడుగులు వేసి, ఇక కదల్లేక నిలబడిపోతే, వెనకవాడు ముందుకొచ్చేవాడు. అలా తొక్కిన బాట మీద రౌతు లేని గుర్రాన్ని లాక్కెళ్లేవారు. పది పదిహేను అడుగులకే అదీ అలసిపోయేది. దాన్ని పక్కకు తప్పించి మరో గుర్రాన్ని తెచ్చేవారు. మిగతా సైన్యం, పేరున్న వీరులు సైతం, తలలు వంచుకుని ఆ బాట మీదే వచ్చారు. బాబర్ వాళ్లను బలవంతపెట్టలేదు. ఓపిక, ధైర్యం ఉన్నవాడు తనంతట తానే ముందుకొస్తాడన్నది ఆయన ఉద్దేశం. దాదాపు వారం రోజులు ఇదే పని. రోజంతా కష్టపడినా కోసు, కోసున్నర కంటే ముందుకు సాగలేదు.

జిర్రిన్ కనుమ కింద ఒక గుహ దగ్గరికి చేరేసరికి భయంకరమైన మంచు తుపాను మొదలైంది. బతుకుతామన్న ఆశ చాలామందిలో పోయింది. గుహ చిన్నదిగా కనిపించింది. వెనక వచ్చేవాళ్లు ఇంకా మంచులోనే ఉన్నారు, కొందరు గుర్రాల మీదే రాత్రి గడిపేలా ఉన్నారు. బాబర్ ఒక పార తీసుకుని గుహ నోటి దగ్గర జానమాజ్ పట్టేంత గుంట తవ్వుకున్నాడు. రొమ్ము లోతు తవ్వినా కింద నేల తగల్లేదు. అందులోనే కూర్చున్నాడు.

లోపలికి రమ్మని ఎంతమంది చెప్పినా వెళ్లలేదు. తనవాళ్లు బయట చలిలో అల్లాడుతుంటే తాను వెచ్చగా పడుకోవడం మగతనం కాదనుకున్నాడు. వాళ్లకొచ్చిన కష్టం తనకూ రావాలనుకున్నాడు. ఇషా నమాజు వేళ దాకా అలాగే ఉన్నాడు. తల మీద, వీపు మీద, చెవుల మీద నాలుగు వేళ్ల మందాన మంచు పేరుకుంది. చెవులకు చలి దెబ్బ తగిలింది.

అప్పుడు లోపల చూసినవాళ్లు కేకేశారు, గుహ పెద్దదే, అందరికీ చోటుందని. బాబర్ మంచు దులుపుకుని లోపలికి వెళ్లాడు, చుట్టుపక్కల ఉన్నవాళ్లనూ పిలిపించుకున్నాడు. నలభై యాభై మంది పట్టారు. ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి కలిసి తిన్నారు.

తెల్లారేసరికి తుపాను ఆగింది. కనుమ దాటారు. చలికి కొందరి చేతులు, కాళ్లు పోయాయి. మర్నాడు యకావలంగ్ అనే ఊరికి దిగితే, ఈ మంచులో మనుషులెలా వచ్చారని జనం ఆశ్చర్యపోయారు. వెచ్చని ఇళ్లు, మాంసం, గుర్రాలకు గడ్డి దొరికాయి.

కాబూల్‌లో ఇంకో దెబ్బ ఎదురుచూస్తోంది. బాబర్‌ను హెరాత్‌లో బంధించారని పుకారు పుట్టించి, పెదనాన్న కొడుకు ఖాన్ మీర్జాను గద్దెనెక్కించారు. దీని వెనక ఉన్నది సొంత ఖాలూ మొహమ్మద్ హుసేన్ మీర్జా, నానీ వరసయ్యే షా బేగం. బాబర్ ఊరిని తిరిగి గెలిచాడు. నానీ దగ్గరికి మర్యాదగా వెళ్లి పలకరించాడు. తమ్ముణ్నీ ఖాలూనూ ప్రాణాలతో వదిలేశాడు.

బాబర్ జీవితంలో యుద్ధాలు, రక్తపాతం చాలానే ఉన్నాయి. ఇదే ప్రయాణంలో, మంచు దాటిన తర్వాత, దారిలో ఉన్న హజారాల మీద దాడి చేశాడు. ఆ సంగతినీ ఆయన దాచలేదు. ఇవన్నీ తన మాతృభాష చగతాయి తుర్కీలో ఆత్మకథగా రాసుకున్నాడు. అదే బాబర్‌నామా. 1530 డిసెంబర్ 26న ఆగ్రాలో కన్నుమూసిన ఆయన సమాధి ఇప్పుడు కాబూల్‌లో ఉంది.

ఆ పుస్తకం తుర్కీ ప్రతుల్లో ఎంతో విలువైనది మన హైదరాబాద్‌లోనే, సాలార్‌జంగ్ గ్రంథాలయంలో దొరికింది. 1905లో దాని ప్రతిరూపం అచ్చయింది. అన్నెట్ బెవరిడ్జ్ ఇంగ్లిష్ అనువాదానికి ఆధారం ఆ హైదరాబాద్ ప్రతే. గుహ బయట కూర్చున్న ఆ రాత్రి కథ ప్రపంచానికి చేరడంలో మన ఊరికీ వాటా ఉంది.