లూథర్ బర్బాంకు

మనము నిత్యము భుజించు కూరలలో బంగాళాదుంప యొకటి. కొన్ని సీమలవారు దీనిని ఉర్లగడ్డ యనియు, మరికొన్ని సీమలవారు ఆలుగడ్డ యనియు పిలుతురు. దీని సేద్యమునందు ఒక విశేషము కలదు. వరి, జొన్న మున్నగు పైరులను గింజలు చల్లి పండింతురు. బంగాళాదుంపను మాత్రము దుంపనే నాటి పండింతురు. దుంపపై నున్న కన్నులనుండి మొలకలు వచ్చును. కావున రైతు తన పంటలో కొంత భాగమును దాచుకొని మరుసటి యేడు నాటుకొనవచ్చును. లేదా పరీక్షలో నెగ్గిన విత్తనపు దుంపలను వెలయిచ్చి కొనవచ్చును. ఈ రెండింటిలో ఏది మేలో నిర్ణయించుట తేలిక కాదు. ఈ ప్రశ్నతో పెనవేసికొనిపోయిన చరిత్ర లూథర్ బర్బాంకుది.

బర్బాంకు 1849 వ సంవత్సరము మార్చి 7 వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున లాంకాస్టరు అను ఊరిలో జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. ఆయనకు కలిగిన పదునైదుగురు బిడ్డలలో లూథరు పదుమూడవవాడు. బాలుడు చలికాలములో పాఠశాలకు పోవుచు, తక్కిన కాలమున పొలములో పనిచేయుచు పెరిగెను. కొంతకాలము నాగళ్ళు తయారుచేయు కర్మాగారమునందును పనిచేసెను. కాని అతని మనస్సు యంత్రములపై నిలువలేదు. మొక్కలను చూచుట, వాని భేదములను గుర్తించుట అతనికి చిన్ననాటినుండియు ప్రీతికరము.

ఆ రోజులలోనే డార్విను మహాశయుడు రచించిన ఒక గ్రంథము అతని చేతికి వచ్చెను. మానవుని పెంపకములో మొక్కలును జంతువులును ఎట్లు మార్పు చెందునో ఆ గ్రంథము వివరించుచున్నది. దానిని చదివిన పిమ్మట, మంచి మొక్కలను ఏరి పెంచినచో క్రొత్త రకములను సాధింపవచ్చునని అతనికి నమ్మకము కలిగెను. తండ్రి మరణించిన కొంతకాలమునకు, 1871 లో, లూనెన్‌బర్గు అను ఊరిలో పదునేడెకరముల నేలను కొని కూరగాయలు పండించి అమ్మసాగెను.

ఆ కాలమున బంగాళాదుంప రైతులకు సుఖము లేకుండెను. 1845 మొదలు ఐర్లండు దేశమున ఒక తెగులు వ్యాపించి ఆకులను నల్లగా మాడ్చి, దుంపలను కుళ్ళజేసెను. ఆ క్షామములో సుమారు పది లక్షలమంది మరణించిరి. అమెరికాలోను ఆ తెగులు పంటలను నాశనము చేసెను. అదిగాక, ఏటేట తమ దుంపలనే నాటుకొను రైతులకు దిగుబడి క్రమముగా తగ్గిపోవుచుండెను. మనిషికివలెనే దుంపజాతికిని ముసలితనము వచ్చునని వారు తలంచిరి. న్యూయార్కు రాష్ట్రమున గుడ్రిచ్ అను మతాచార్యుడు ఈ అభిప్రాయముతోనే దక్షిణ అమెరికానుండి దుంపలు తెప్పించి, వాని గింజలనుండి క్రొత్త రకములను పెంచెను. వానిలో నొకదానినుండి మరియొక రైతు 1861 లో ఎర్లీరోజ్ అను రకమును పుట్టించెను. బర్బాంకు తన తోటలో నాటినది ఆ ఎర్లీరోజు రకమే.

బంగాళాదుంప మొక్క అప్పుడప్పుడు పూచి, చిన్న పచ్చి టమాటాను పోలిన కాయను కాయును. అందులో సన్నని గింజలుండును. దుంపను నాటినచో తల్లిమొక్కయే మరల పుట్టును. గింజను నాటినచో అట్లు కాదు. ఒక తల్లి బిడ్డలవలె ప్రతి మొక్కయు వేరు వేరు గుణములతో పుట్టును. ఎర్లీరోజు కాయలు కాయుట మిక్కిలి అరుదు. 1872 లో బర్బాంకు తన తోటలో ఒక మొక్కకు అట్టి కాయ యొకటి ఉండుట చూచెను. అది పండువరకు ప్రతిదినము దానిని కనిపెట్టుచుండెను.

ఒకనాడు పోయి చూడగా కాయ కానరాలేదు. ఏ పక్షియో, కుక్కయో తాకి రాల్చియుండును. మరియొకడైనచో పోనిమ్మని ఊరకుండెడివాడు. బర్బాంకు మాత్రము దినదినము ఆ మళ్ళలో వంగి వెదకెను. తుదకు కొద్ది దూరములో పడియున్న ఆ కాయ అతనికి దొరకెను. దానిలో ఇరువది మూడు గింజలుండెను. మరుసటి వసంతమున వానిని జాగ్రత్తగా నాటెను. ఇరువది మూడును మొలిచెను. త్రవ్విచూడగా ఏ రెండు మొక్కల దుంపలును ఒక్క తీరున లేవు. వానిలో ఒక మొక్క దుంపలు పెద్దవై, తెల్లని నున్నని తొక్కతో, లోతులేని కన్నులతో, అన్నింటికంటె ఎక్కువ దిగుబడి నిచ్చెను.

బర్బాంకు ఆ రకమును రెండేండ్లు వృద్ధిచేసి, మార్బుల్‌హెడ్ పట్టణమున విత్తనముల వ్యాపారము చేయు గ్రెగొరీ అను వర్తకునికి చూపెను. దాని హక్కునకు ఐదువందల డాలర్లు కోరెను. గ్రెగొరీ నూటయేబది డాలర్లు మాత్రమే యిచ్చెను. అయినను ఆ వర్తకుడు రెండు మేళ్ళు చేసెను. క్రొత్త రకమునకు బర్బాంకు పేరే పెట్టెను; పది దుంపలను బర్బాంకు తనకై ఉంచుకొనుటకు అంగీకరించెను. 1875 లో బర్బాంకు ఆ పది దుంపలతో ఖండమునకు ఆవలి కొసనున్న కాలిఫోర్నియాకు రైలులో ప్రయాణమయ్యెను. సాంటారోజా పట్టణమున స్థిరపడి, ఆ దుంపలను నాటి, వచ్చిన పంటనే మరల నాటి, విత్తనమును పెంచెను. ఆ రకము క్రమముగా పశ్చిమ తీరమంతటను వ్యాపించెను.

తన దుంపలనే దాచి నాటుకొనుటలోని మేలు ఇచ్చట స్పష్టముగా కానవచ్చును. పది దుంపలు ఒక సీమకు విత్తనమయ్యెను. ఒక మూట కొన్న రైతు మరల కొననక్కరలేదు. పొరుగువానికి కూడ పంచిపెట్టవచ్చును. కాని ఆ మేలే సృష్టికర్తకు నష్టమయ్యెను. లక్షల ఎకరములలో తన పేరుగల దుంప పండుచున్నను బర్బాంకునకు దానివలన అటుపిమ్మట చెప్పుకొనదగిన ఆదాయము రాలేదు.

సాంటారోజాలో తొలిరోజులు కష్టముగా గడచెను. వడ్రంగిపని చేసి పొట్టపోసికొనెను. తరువాత మొక్కల తోట పెట్టెను. 1881 లో ఒక పెద్దమనిషి ఆ సంవత్సరాంతమునకే ఇరువదివేల ఆల్‌బుకారా మొక్కలు కావలెనని కోరెను. త్వరగా పెరుగు బాదము మొక్కలను పెంచి, వానికి ఆల్‌బుకారా కన్నులను అంటుకట్టి బర్బాంకు ఆ పని నెరవేర్చెను. దానితో అతని కీర్తి వ్యాపించెను. ముండ్లులేని బొమ్మజెముడు, శాస్తాడైసీ అను తెల్లని పువ్వు, సాంటారోజా అను ఆల్‌బుకారా జాతి పండు మున్నగు ఎనిమిదివందల రకములను అతడు లోకమునకిచ్చెను. అయితే ప్రయోగముల వివరములను క్రమముగా వ్రాసియుంచు అలవాటు అతనికి లేదు. కార్నెగీ సంస్థ 1905 నుండి కొన్నేండ్లు ధనసహాయము చేసి, ఈ కారణముననే నిరాశపడి మానుకొనెను. మన దేశమునకు చెందిన పరమహంస యోగానంద స్వామి అతనికి మిత్రుడు. తన ఆత్మకథను బర్బాంకు స్మృతికే అంకితము చేసెను.

1926 ఏప్రిల్ 11 వ తేదీన బర్బాంకు మరణించెను. అతనిని ఇంటి ఆవరణములోని దేవదారు వృక్షము క్రింద సమాధి చేసిరి. క్రొత్త మొక్కల సృష్టికర్తలకు హక్కు నిచ్చు చట్టమును 1930 లో అమెరికా ప్రభుత్వము చేసినది. అతని మరణానంతరము అతని మొక్కలకు పదునారు హక్కుపత్రములు లభించెను. కాని అతనికి తొలి కీర్తి తెచ్చిన బంగాళాదుంపకు ఆ చట్టము వర్తింపలేదు. తినునదియు, నాటునదియు ఒక్కటే యగుటచే దానిని చట్టమునుండి మినహాయించిరి.

ఇక దుంపజాతికి ముసలితనము వచ్చునను మాట యేమాయెను? ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో శాస్త్రజ్ఞులు అసలు కారణమును కనుగొనిరి. ఆకులను ముడుచుకొనిపోవునట్లు చేయు కొన్ని వ్యాధులు వైరసులవలన కలుగును. పేనుబంక అను పురుగు వానిని మొక్కనుండి మొక్కకు మోయును. వైరసు దుంపలోనే దాగియుండును. పైకి దుంప నున్నగనే కనబడును. నాటినచో మొక్క పుట్టుకతోనే రోగి యగును. రైతు పెద్ద దుంపలను అమ్మి చిన్నవానిని విత్తనమునకు ఉంచుకొనును. రోగముగల మొక్కలకే తరచుగా చిన్న దుంపలు వచ్చును. కావున అతడు తెలియకయే ఏటేట రోగమును ఏరి నాటుచుండెను.

ఈ కీడును నివారించుటకు జర్మనీ దేశమున విత్తనపు చేలను పరీక్షించు పద్ధతి ఏర్పడెను. ఆ దేశపు శాస్త్రజ్ఞుడు ఒట్టో అప్పెల్ 1914 లో అమెరికాకు వచ్చెను. అటుపిమ్మట అచ్చటి పలు రాష్ట్రములు ఈ విధానమును అవలంబించెను. పరీక్షకులు చేనంతయు నడచి చూతురు. రోగముగల మొక్కలను పెరికి వేయింతురు. రోగము నిర్ణీతమైన హద్దునకు లోబడియున్న చేని దుంపలకే ధ్రువపత్రము లభించును. మన దేశమున సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థవారు పేనుబంక తక్కువగానుండు కాలమున మైదానములలో విత్తనపు పంటను పండించు పద్ధతిని కనుగొనిరి.

అయినను ధ్రువపత్రముగల విత్తనము కొనుట పేద రైతునకు భారమే. ఎకరమునకు సుమారు టన్ను దుంపలు కావలసియుండును. అందుచే బుద్ధిమంతుడగు రైతు రెండు మార్గములను కలుపుకొనును. కొంత మంచి విత్తనమును కొని, రోగపు మొక్కలను కనబడినంతనే పెరికివైచి, ఆరోగ్యముగల మొక్కల దుంపలనే దాచి, ఒకటి రెండు పంటలు నాటుకొనును. విత్తనము చెడకముందే మరల క్రొత్తది తెచ్చుకొనును.

బర్బాంకు దుంపనుండి గరుకు తొక్కగల రస్సెట్ బర్బాంకు అను రూపము తరువాత బయలుదేరెను. అమెరికాలో మిక్కిలి ప్రసిద్ధి చెందిన దుంపలలో అది యొకటి. 1873 లో మొలిచిన ఆ యొక్క గింజ సంతతియే దుంపనుండి దుంపకు సాగుచు నేటికిని జీవించియున్నది. ఒక యువకుడు రాలిన కాయను విసుగులేక వెదకుటచే అది పుట్టెను. పేరెరుగని పరీక్షకులును, రైతులును ఏటేట రోగపు మొక్కలను ఏరివేయుటచే అది నిలిచెను. మంచి వస్తువును సృజించుట యెంత గొప్పదో, దానిని చెడనీయక కాపాడుటయు అంతే గొప్పది.