నేరం మోపితే నేరస్థులైపోతారా? దుర్గాబాయి జైల్లో తెలుసుకున్న సంగతి

గోరంట్లలాంటి ఊళ్లో ఎవరింటి ముందైనా పోలీసు జీపు ఆగిందంటే చాలు, పొద్దుగూకేలోగా ఆ ఇంటివాళ్లకు దొంగలన్న పేరు వచ్చేస్తుంది. మర్నాడు బళ్లో ఆ ఇంటి పిల్లవాడి పక్కన కూర్చోవడానికి తోటిపిల్లలు జంకుతారు. వాళ్లకా మాట ఎవరు చెప్పారు? మనమే! వంటింట్లో, కొళాయి దగ్గర మనం అనుకునే మాటలే వాళ్ల చెవిన పడతాయి. నేరం మోపడం వేరు, అది రుజువు కావడం వేరు అని పిల్లలకు ఎలా చెప్పడమా అనుకుంటున్నారా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ చెప్పండి.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకొద్దని ధైర్యంగా చెప్పేశారామె. హిందీ నేర్చుకుని, చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టారు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. పద్నాలుగేళ్ల దుర్గాబాయి అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపొద్దని పెద్దలు చెప్పారు. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూనూ ఆపేశారామె! నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చాకే ఆయన లోపలికి వెళ్లగలిగారు. రూలు ఎవరికైనా ఒకటేనన్న పట్టుదల ఆ వయసులోనే ఉంది.

జైల్లో కళ్లు తెరిపించిన ఆడవాళ్లు

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ముందుండి నడిపినందుకు దుర్గాబాయిని అరెస్టు చేశారు. 1933 లోపు మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. ఒంటరితనం ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. కానీ అంతకంటే ఎక్కువగా ఆమెను కలచివేసింది అక్కడి ఆడఖైదీల గాథలు.

వాళ్లు సత్యాగ్రహులు కారు. హత్యలాంటి నేరాల కింద శిక్షపడిన పేద స్త్రీలు. చాలామందికి చదువు రాదు. కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో, ఎవరితో చెప్పించుకోవాలో తెలియదు. వకీలును పెట్టుకునే స్తోమత అసలే లేదు. తాను బయటికెళ్లాక లా చదవాలనీ, ఇలాంటి వాళ్ల తరఫున పైసా పుచ్చుకోకుండా నిలబడాలనీ ఆమె అక్కడే నిశ్చయించుకున్నారు.

అనుకోవడం తేలికే, చదవడమే కష్టం. అప్పటికి మెట్రిక్ కూడా పాసవలేదు. విడుదలయ్యాక బెనారస్ నుంచి ఆ పరీక్ష రాశారు. బి.ఏ. చదువుదామని వాల్తేరు వెళితే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఊరుకుంటారా? పత్రికలో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే ఆడపిల్లలను పోగుచేసి, హాస్టలు నడిపి మరీ చదివారు. తర్వాత మద్రాసులో లా పూర్తిచేసి, 1942లో మద్రాసు హైకోర్టులో వకీలయ్యారు. స్త్రీల కోసం 1937లోనే ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టారు.

1946లో రాజ్యాంగసభ సభ్యురాలయ్యారు. నిందితులకు హక్కులు రాసిచ్చింది ఆ సభే. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు. పేదలకు ఉచిత న్యాయసహాయం అందించాలన్న చట్టం ఆమె పోయాక, 1987లో వచ్చింది. 1995 నుంచి అమలైంది.

పిల్లలకు ఇలా చెబుదాం

పోలీసులు ఎవరినైనా అరెస్టు చేస్తే కారణమేమిటో వాళ్లకు తెలిసే భాషలో చెప్పాలి. వానల్లేక బెంగుళూరుకు కూలికి వెళ్లే మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అరెస్టు సంగతి ఇంట్లోవాళ్లకో, తెలిసినవాళ్లకో తెలియజేయాలి. ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. నచ్చిన వకీలుతో మాట్లాడుకోనివ్వాలి. కొట్టి, బెదిరించి నేరం ఒప్పించకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు.

మామూలుగా అయితే పొద్దుగూకాక, తెల్లారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని మహిళా పోలీసు అధికారే రావాలి. 18 ఏళ్లు నిండని పిల్లలనైతే లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టనే కూడదు.

ఇక వకీలు ఫీజు సంగతి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టులున్న ఊళ్లలో న్యాయసేవా కమిటీలను అడగవచ్చు. గోరంట్లవాళ్లకు పెనుకొండ, హిందూపురం దగ్గర. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

మరి తప్పు చేసినవాడికి కూడా ఇవన్నీ ఎందుకమ్మా అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. తప్పు చేశాడో లేదో తేల్చేది కోర్టు, అది తేలేదాకా వాడి మాటా వినాలి కదా అని చెప్పండి. క్లాసులో పెన్సిలు పోతే, పక్కవాడి సంచీ వెతకకముందే దొంగ అనేస్తే వాడికెలా ఉంటుందో అడిగి చూడండి. ఆ తర్వాత, జీపు ఆగిన ఆ ఇంటి పిల్లవాడి పక్కనే వెళ్లి కూర్చోమనండి.