పైవాళ్లు వినకపోతే? జనరల్ తిమ్మయ్య చెప్పే పాఠం

ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అడిగే పాత ప్రశ్న ఒకటి మీకు తెలిసే ఉంటుంది. మీ మేనేజర్ నిర్ణయం తప్పని మీకు అనిపిస్తే ఏం చేస్తారు? మనందరం బట్టీపట్టిన జవాబు ఒకటే. మర్యాదగా నా అభిప్రాయం చెప్తాను, తర్వాత టీమ్‌తో కలిసి పనిచేస్తాను. వాళ్లు తల ఊపుతారు, మనం బయటికొచ్చేస్తాం.

కానీ ఆ మేనేజర్ దేశ రక్షణ మంత్రి అయితే? ప్రాజెక్టు పేరు హిమాలయ సరిహద్దు అయితే? ఈ ప్రశ్న నిజంగానే ఎదురైన మనిషి జనరల్ కోదండెర సుబ్బయ్య తిమ్మయ్య. ఆయన చేసినవాటిలో ఒప్పులూ ఉన్నాయి, ఒక పొరపాటూ ఉంది. మనకి రెండూ పనికొస్తాయి.

హైదరాబాద్ పేరున్న రెజిమెంట్

తిమ్మయ్య 1906లో కొడగు జిల్లా మడికేరిలో పుట్టారు. డెహ్రాడూన్ మిలిటరీ కాలేజీలో, తర్వాత ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌లో చదివి 1926లో ఆఫీసర్ అయ్యారు. చేరింది ఏ రెజిమెంట్‌లోనో తెలుసా? 19వ హైదరాబాద్ రెజిమెంట్. దాని మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మారింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బర్మాలో పోరాడారు. యుద్ధరంగంలో ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్‌ని నడిపిన భారతీయుడిగా పేరు తెచ్చుకున్నారు. 1948లో కశ్మీర్‌లో ఒక డివిజన్ ఆయన చేతికొచ్చింది. లేహ్‌కి దారి తెరవాలంటే జోజిలా కనుమ దాటాలి. మామూలు పదాతి దాడులు విఫలమయ్యాయి. 11 వేల అడుగుల పైన, మంచులో ట్యాంకులు నడుస్తాయని శత్రువు కలలో కూడా అనుకోలేదు. మద్రాస్ శాపర్స్ రోడ్డు వేశారు. విడదీసి తెచ్చిన తేలికపాటి స్టూవర్ట్ ట్యాంకుల్ని మళ్లీ బిగించారు. నవంబర్ 1న దాడి జరిగింది, ముందు ట్యాంకులో తిమ్మయ్యే ఉన్నారు. కనుమ మన చేతికొచ్చింది.

ఇది ధైర్యం కథ మాత్రమే అనుకోకండి. రోడ్డు లేకుండా ట్యాంకు లేదు, ట్యాంకు లేకుండా విజయం లేదు. ముందు సరఫరా, తర్వాతే సాహసం. ఆయన తర్వాతి వాదన మొత్తం దీని మీదే నిలబడింది.

1953లో కొరియా యుద్ధం ఆగాక, స్వదేశానికి వెళ్లబోమన్న 22 వేల మందికి పైగా ఖైదీల వ్యవహారం చూసే తటస్థ దేశాల కమిషన్‌కి ఆయనే ఛైర్మన్. తుపాకులు ఆగాక కూడా పని మిగిలే ఉంటుందని దగ్గర్నుంచి చూసిన మనిషి ఆయన.

ఒక్కరోజు రాజీనామా

1957 మేలో తిమ్మయ్య ఆర్మీ చీఫ్ అయ్యారు. అంతకు కొన్ని వారాల ముందే వి.కె.కృష్ణ మీనన్ రక్షణ మంత్రి అయ్యారు. అసలు ముప్పు పాకిస్తాన్ నుంచే అన్నది మీనన్ అంచనా. చైనా వైపు కూడా చూడాలన్నది సైన్యం మాట. దానికితోడు పెద్ద పదవుల ప్రమోషన్లలో మంత్రి జోక్యం చేసుకుంటున్నారని చీఫ్‌కి అభ్యంతరం. 1959 ఆగస్టులో ఈశాన్య సరిహద్దులోని లోంగ్జూ దగ్గర చైనా సైనికులతో కాల్పులు జరిగాయి. ఆ నెల 31న తిమ్మయ్య రాజీనామా ఇచ్చేశారు.

ప్రధాని నెహ్రూ పిలిచి నచ్చజెప్పారు. ఆయన వెనక్కి తీసుకున్నారు. ఈలోగా విషయం పత్రికలకెక్కింది. సెప్టెంబర్ 2న పార్లమెంటులో నెహ్రూ మీనన్ పక్షాన నిలబడి, సైన్యం పౌర ప్రభుత్వానికి లోబడే ఉండాలని గట్టిగా చెప్పారు. తిమ్మయ్యకి చిన్నతనమైంది.

ఇక్కడ న్యాయంగా మాట్లాడుకుందాం. ప్రజాస్వామ్యంలో ఆఖరి మాట ఎన్నికైన ప్రభుత్వానిదే, నెహ్రూ చెప్పిన సూత్రం సరైనదే. కానీ చర్చ ఆ సూత్రం దగ్గరే ఆగిపోయింది. సరిహద్దులో రోడ్లున్నాయా, బలగాలు చాలతాయా అన్న అసలు ప్రశ్న పక్కకెళ్లింది. గొడవ ఇద్దరు మనుషుల మధ్యదిగా కనిపించింది. అదే తిమ్మయ్య పొరపాటు అని నాకనిపిస్తుంది.

పక్కనపెట్టిన ప్లాన్

ప్లాన్ మాత్రం ఉంది. తూర్పు కమాండ్ అధిపతి ఎస్.పి.పి.థోరాట్ 1959లోనే దాన్ని రాశారు. సరిహద్దు గీత మీద చిన్న పోస్టులు హెచ్చరిక కోసమే. అసలు పోరాటం వెనక్కి జరిగి, మన రోడ్లు అందే చోట చేయాలి. శత్రువు ఎంత ముందుకొస్తే అతని సరఫరా అంత సాగుతుంది కదా. 1960 మార్చిలో లక్నోలో లాల్ కిలా పేరుతో దీన్ని కసరత్తుగా చేసి చూపించారు. తిమ్మయ్య సమర్థించారు. మీనన్ ఒప్పుకోలేదు.

1961 మేలో తిమ్మయ్య రిటైరయ్యారు. తన తర్వాత థోరాట్‌ని వేయమని సిఫార్సు చేశారు, వేయలేదు. అదే ఏడాది నవంబర్‌లో ప్రభుత్వం ముందుకెళ్లి పోస్టులు పెట్టమంది. చాలా పోస్టులకి రోడ్డు లేదు. తిండి, తూటాలు విమానం నుంచి జారవిడవాల్సిందే. అవతలివాడు తిరిగి కొడితే ఏంటన్న ప్రశ్నకి సరైన జవాబు లేదు. 1962 జులైలో తిమ్మయ్య ఒక పత్రికలో రాశారు, చైనాతో మనం ఒంటరిగా పూర్తిస్థాయి యుద్ధం చేయగలమని సైనికుడిగా తను అనుకోవడంలేదని.

మూడు నెలలు గడిచాయి. అక్టోబర్ 20న చైనా దాడి చేసింది. నూలు బట్టల్లో, పాత 303 రైఫిళ్లతో మనవాళ్లు మంచులో నిలబడ్డారు. నెల రోజుల్లో 1,300 మందికి పైగా చనిపోయారు, దాదాపు 4 వేల మంది ఖైదీలయ్యారు. నవంబర్ 18న రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ దాదాపు మొత్తం నేలకొరిగింది. అది 13 కుమావూ. తిమ్మయ్య కుర్రాడిగా చేరిన రెజిమెంటే.

మీనన్ పదవి పోయింది. సైన్యాన్ని పెంచడం, కొత్త పర్వత డివిజన్లు ఏర్పాటు చేయడం, ఇవన్నీ ఆ తర్వాతే జోరందుకున్నాయి. తిమ్మయ్య 1964లో సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిసేన కమాండర్‌గా వెళ్లారు. 1965 డిసెంబర్‌లో అక్కడే విధుల్లో ఉండగా గుండెపోటుతో చనిపోయారు. సైప్రస్ ఆయన స్మారకంగా స్టాంపు వేసింది. మడికేరిలోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అటు వెళ్తే చూడండి.

మరి మనం?

నా మొదటి ఉద్యోగంలో ఒక శుక్రవారం రాత్రి కొత్త వెర్షన్ రిలీజ్ చేశాం. ఏదైనా తేడా కొడితే పాతదానికి ఎలా వెనక్కెళ్లాలో ప్లాన్ లేదు. నాకు తెలుసు. టీ తాగుతూ టీమ్ లీడ్‌కి చెప్పాను కూడా. ఆయన నవ్వారు, నేనూ నవ్వేసి ఊరుకున్నాను. శని, ఆదివారాలు రెండూ ఆఫీసులోనే తెల్లారాయి. చెప్పానని నాకు తెలుసు, కానీ ఎక్కడా రాసిలేదు.

అందుకే మీకు నా మాట ఇది. పని మొదలయ్యే ముందే అడగండి, తేడా వస్తే తర్వాతేంటని. మనిషి గురించి కాకుండా పని గురించి రాయండి, అంకెలతో, తేదీతో. లోంగ్జూ తర్వాత ఆ రాజీనామా బదులు థోరాట్ ప్లాన్ పార్లమెంటులో చర్చకొచ్చి ఉంటే 1962 మారేదా? ఎవరం చెప్పలేం. కనీసం చర్చ సరైన విషయం మీద జరిగేది.

ఈసారి హెచ్‌ఆర్ ఆ ప్రశ్న అడిగితే, బట్టీపట్టిన జవాబుకి ముందు ఒక్క నిమిషం ఆగండి.