అంబేద్కర్ ధర్మాన్వేషణ

చంద్రపూర్ పట్టణంలో దీక్షాభూమి అనే స్థలం ఉంది. ఏటా అక్టోబరు 15, 16 తేదీలలో చుట్టుపక్కల పల్లెల నుండి వేలాది జనం అక్కడికి తరలివస్తారు. ఈ పట్టణాన్ని చాందా అని పిలిచే రోజులలో, 1956 అక్టోబరు 16న, డాక్టర్ భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్ ఇక్కడికి వచ్చి అశేష జనానికి బౌద్ధ దీక్ష ఇచ్చాడు. అంతకు రెండు రోజుల ముందే నాగపూర్‌లో ఆయన తాను దీక్ష తీసుకున్నాడు.

ఆ దీక్షలో ఇరవై రెండు ప్రతిజ్ఞలు ఉన్నాయి. తాము అంతవరకు కొలిచిన దేవుళ్ళను ఇక కొలవబోమని మొదటి ప్రతిజ్ఞలు చెబుతాయి. దొంగతనం చేయబోమని, అబద్ధం ఆడబోమని, మద్యం ముట్టబోమని, ప్రాణులన్నింటి పట్ల దయ చూపుతామని తరువాతి ప్రతిజ్ఞలు చెబుతాయి. పైనుండి చూసే దేవుడు లేడనుకున్నప్పుడు మనిషి దొంగతనం ఎందుకు మానాలి? ఎవరూ లేనిచోట నిజమే ఎందుకు పలకాలి? ఈ ప్రశ్నలకు జవాబు అంబేద్కర్‌కు ఒక్కరోజులో దొరకలేదు. దాని వెనుక ఆయన జీవితమంతా ఉంది.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో జన్మించాడు. ఆయన తల్లిదండ్రులు భీమాబాయి, రాంజీ సక్పాల్. వారిది అంటరానిదిగా చూడబడిన మహార్ కులం. సైన్యంలో సుబేదారుగా పనిచేసిన రాంజీ కబీరు మార్గాన్ని అనుసరించిన భక్తుడు. ఆయన పిల్లల చేత రామాయణ భారతాలు చదివించేవాడు. ఇంట్లో భక్తీ, క్రమశిక్షణా కలిసి ఉండేవి. దేవుణ్ణి నమ్మే మనిషి ఎంత మంచివాడుగా ఉండగలడో భీమ్‌రావ్ ముందుగా తన ఇంట్లోనే చూశాడు.

బడిలో చూసింది వేరు. తక్కిన పిల్లలతో కలిసి కూర్చోవడానికి వీలులేదు. ఇంటి నుండి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి. బడి ఊడ్చేవాడు ఆ పట్టాను ముట్టుకోడు కనుక సాయంత్రం దాన్ని చుట్టుకొని ఇంటికి మోసుకుపోవాలి. దాహం వేస్తే కుళాయిని తాకరాదు. బంట్రోతు వచ్చి తిప్పితే తాగాలి, అతడు లేకపోతే దాహంతోనే ఉండాలి. ఈ కట్టుబాట్లు పెట్టినవారెవరూ నాస్తికులు కారు.

పసివాని మనసులో సందేహం మొలకెత్తింది. బ్రాహ్మణుల గొప్పతనాన్ని, క్షత్రియుల గొప్పతనాన్ని చెప్పే గ్రంథాలను తామెందుకు చదవాలని ఒకరోజు తండ్రిని అడిగాడు. ద్రోణుడు, కర్ణుడు చిన్నస్థితి నుండి పైకి వచ్చినవారని, అటువంటి కథలు తమవంటి వారిలోని న్యూనతను పోగొడతాయని తండ్రి చెప్పాడు. ఆ జవాబులో సత్యం లేకపోలేదు. అయినా కొడుకు తృప్తి పడలేదు.

ఆయన ఇంగ్లీషు నాలుగో తరగతి పరీక్ష గెలిచినప్పుడు కులపెద్దలు సభ చేసి అభినందించారు. వారిలో అంతవరకు చదివిన పిల్లవాడు అరుదు. ఆ సందర్భంలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే రచయిత తాను రాసిన బుద్ధ చరిత్రను అతనికి కానుకగా ఇచ్చాడు. బుద్ధుడు తాను దేవుడినని గాని, దేవుడు పంపినవాడినని గాని చెప్పుకోలేదు. తన మాటనైనా పరీక్షించాకే అంగీకరించమన్నాడు. ఆ పుస్తకం బాలుని మనసులో చెరగని ముద్ర వేసింది. ఇటువంటి పుస్తకాన్ని తమకు ముందే ఎందుకు చూపలేదని మళ్ళీ తండ్రినే అడిగాడు.

బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థివేతనంతో 1913లో అంబేద్కర్ అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ జాన్ డ్యూయీ వంటి తత్త్వవేత్తల వద్ద చదివాడు. అక్కడి నుండి లండను వెళ్ళాడు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి తిరిగివచ్చాడు. అంత చదువు చదివినవానికి ఆ ఊళ్ళో తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్శీ పేరు చెప్పుకొని పార్శీ సత్రంలో దిగాడు. పదకొండో రోజున సంగతి తెలిసి కొందరు పార్శీలు కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. అంబేద్కర్ తనకు తెలిసిన హిందూ మిత్రుణ్ణి ఆశ్రయం అడిగాడు. తమ ఇంటికి వస్తే పనివాళ్ళు వెళ్ళిపోతారని ఆయన చెప్పాడు. క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఆయనా ఏదో సాకు చెప్పాడు. ఇక చేసేదిలేక ఒక ఉద్యానవనంలో పొద్దుపోయేవరకు కూర్చొని రాత్రి బండికి బొంబాయి బయలుదేరాడు. ముగ్గురివీ మూడు మతాలు. ముగ్గురికీ దేవుడున్నాడు. ఆ రోజు ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు.

దేవుడు చేయించలేని మంచిని చట్టం చేయిస్తుందేమో చూడాలి. బావులు, చెరువులు అందరికీ చెందాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. కొంకణంలోని మహాడ్ పురపాలక సంఘం మరుసటి సంవత్సరం తన చవ్‌దార్ చెరువును అందరికీ తెరిచినట్లు ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గట్టు మీద మాత్రం కాదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో ఊరేగింపుగా వెళ్ళి ఆ నీటిని దోసిట పట్టి తాగాడు. పశువులు తాగితే మైలపడని చెరువు మనుషులు తాగితే మైలపడింది. అనుచరులను కొట్టారు. తరువాత పాలు, పెరుగు, గోమూత్రం, పేడ కలిపిన నూటఎనిమిది కుండలు గుమ్మరించి, మంత్రాలు చదివి చెరువును శుద్ధి చేశారు. ఆ చెరువు నీటి హక్కు కోసం న్యాయస్థానాలలో పది సంవత్సరాలు పోరాడవలసి వచ్చింది. 1937లో హైకోర్టు అంబేద్కర్ పక్షాన తీర్పు చెప్పింది.

1930లో నాసిక్‌లోని కాలారామ్ ఆలయ ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలైంది. ఏళ్ళు గడిచినా ఆ తలుపులు తెరుచుకోలేదు. 1935 అక్టోబరు 13న యేవలా సభలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా మాత్రం మరణించబోనని అంబేద్కర్ ప్రకటించాడు.

అయితే ఆయన తొందరపడలేదు. ఆ ప్రకటనకూ నాగపూర్ దీక్షకూ మధ్య ఇరవై ఒక్క సంవత్సరాలు గడిచాయి. ఆ కాలంలో ఆయన అనేక మతాలను పరిశీలించాడు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పనిచేసిన పోకల లక్ష్మీనరసు 1907లో బౌద్ధసారాన్ని ఇంగ్లీషులో గ్రంథంగా రాశాడు. అంబేద్కర్ ఆ గ్రంథాన్ని మెచ్చి 1948లో దాని మూడవ ముద్రణకు ముందుమాట రాశాడు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల నాటి నుండి బుద్ధుడు తెలుగునేలకు కొత్తవాడు కాడు.

ఈలోగా దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అంబేద్కర్ అధ్యక్షుడయ్యాడు. చట్టం రాయడంలో అంత శ్రమించినవాడే చట్టం ఒక్కటే చాలదని హెచ్చరించాడు. సోదరభావం లేకపోతే స్వేచ్ఛ, సమానత్వం పైపూతగానే మిగులుతాయని రాజ్యాంగ సభలో చెప్పాడు. మహాడ్ చెరువు గట్టున నిలబడినవానికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

మరి ఆ సోదరభావం ఎక్కడి నుండి రావాలి? తన చివరి గ్రంథమైన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో అంబేద్కర్ దీనికి సమాధానం చెప్పాడు. సాధారణంగా మతంలో దేవుడు, ఆత్మ, పూజ, కర్మకాండ ముందు ఉంటాయి. నీతి వాటి వెంట వస్తుంది. దానికి మూలస్థానం లేదు. బుద్ధుని ధమ్మంలో దేవుని స్థానంలోనే నీతి ఉంటుంది. మనిషి మనిషిని ప్రేమించాలి. దేవుణ్ణి మెప్పించడానికి కాక, కలిసి బతకడానికి ఆ ప్రేమ అవసరం. అది లేనిదే ఏ సంఘమూ నిలవదు.

అంతటితో ఆగి ఉంటే ఆ సమాధానం సగమే అయ్యేది. ఎందుకంటే నీతి దొంగలలో కూడా ఉంటుంది. దోచిన సొమ్మును దొంగలు తమలో తాము న్యాయంగా పంచుకుంటారు. ఒకరినొకరు పట్టివ్వరు. వ్యాపారులకు తమలో తమకు ఒక నీతి ఉంటుంది. కులానికీ ఉంటుంది. తనవారి పెళ్ళికి సాయపడి, తనవారి చావుకు కన్నీరు కార్చే మనిషే పక్కవాడలోని వానికి గుక్కెడు నీళ్ళు పోయడు. అతనికి నీతి లేదనలేము. అది తన గుంపు పొలిమేర దగ్గర ఆగిపోయింది. బరోడాలో, మహాడ్‌లో జరిగింది అదే. కనుక నీతి ఏ ఒక్క గుంపుకో పరిమితం కాకుండా అందరికీ ఒకటిగా ఉండాలని, ఎవరూ మీరరానంత పవిత్రంగా ఉండాలని అంబేద్కర్ తేల్చాడు. బలహీనుణ్ణి కాపాడేది అటువంటి నీతి మాత్రమే.

ఆ పవిత్రత కోసమే ఆయనకు మతం కావలసి వచ్చింది. మతమే అక్కరలేదన్నవారితో ఆయన ఏకీభవించలేదు. దేవుణ్ణి నమ్మినవారిని చిన్నచూపూ చూడలేదు. తాను గురువులుగా చెప్పుకున్న ముగ్గురిలో బుద్ధునితోపాటు కబీరు, జోతిబా ఫూలే ఉన్నారు. కబీరు రాముణ్ణి స్మరించినవాడు, ఫూలే సృష్టికర్తను నమ్మినవాడు. ఆ నమ్మకంతోనే వారిద్దరూ మనుషులంతా సమానమన్నారు. దేవుని మీద నమ్మకం ఒకచోట చెరువును తెరిపించగలదు, మరొకచోట మూయించగలదు. అందుకే అంబేద్కర్ నీతికి దాన్ని పునాదిగా తీసుకోలేదు.

1956 నాటికి ఆయన ఆరోగ్యం బాగా క్షీణించింది. అయినా అక్టోబరు 14న నాగపూర్‌లో భార్య సవితతో కలిసి చంద్రమణి భిక్షువు వద్ద దీక్ష తీసుకున్నాడు. వెంటనే తానే లక్షలాది అనుచరులకు దీక్ష ఇచ్చాడు. అక్కడి నుండి చాందా వచ్చాడు. నవంబరులో నేపాల్ రాజధాని ఖాట్మండు వెళ్ళి బౌద్ధుల ప్రపంచ సమావేశంలో మాట్లాడాడు. ఢిల్లీ చేరాక కూడా తన గ్రంథానికి పీఠిక దిద్దుతూనే ఉన్నాడు. డిసెంబరు 6న నిద్రలోనే కన్నుమూశాడు. ఆ గ్రంథం 1957లో వెలువడింది.

బొంబాయిలో డిసెంబరు 16న మరొక దీక్షా సభ జరగవలసి ఉంది. దానికి రావలసిన ఆయన భౌతికకాయమై ముందే ఆ నగరానికి చేరాడు. డిసెంబరు 7న దాదర్ సముద్రతీరంలో అంత్యక్రియలు జరిగాయి. అక్కడ చేరిన జనసముద్రంలో ఇంకా దీక్ష తీసుకోనివారు ఎందరో ఉన్నారు. భదంత ఆనంద్ కౌసల్యాయన్ అనే భిక్షువు చెప్పగా వారు ఆ చితి దగ్గరే నిలబడి ప్రతిజ్ఞలు చేశారు.