అందరికీ తెరిచిన గడప: సరోజినీ నాయుడు ఇల్లు

హైదరాబాద్‌లో ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో ఓ పాత బంగ్లా ఉంది. పేరు గోల్డెన్ థ్రెషోల్డ్, అంటే బంగారు గడప. 1905లో లండన్‌లో అచ్చయిన సరోజినీ నాయుడు కవితా సంపుటి పేరే ఈ ఇంటికీ వచ్చింది. కవులు, నటులు, విప్లవకారులు ఒకే కుటుంబం నుంచి వచ్చిన ఇల్లు ఇది.

సరోజిని తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ. ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేట్ చేసి, 1878లో హైదరాబాద్ వచ్చారు. ఆయన మొదలుపెట్టిన హైదరాబాద్ కాలేజీయే తర్వాత నిజాం కాలేజీ అయింది. 1879 ఫిబ్రవరి 13న సరోజిని ఇక్కడే పుట్టారు. చాందా రైల్వే ఒప్పందాన్ని ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి మిత్రులతో కలిసి ప్రశ్నించినందుకు 1883లో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి పంపించేశారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పిలిపించుకున్నారు. ఆయన కూడా ఈ ఊరిని వదులుకోలేదు.

ఆ ఇంట్లో ఒక భాష కాదు. తండ్రి కూతురితో ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు, తల్లి వరదసుందరి హిందుస్తానీలో మాట్లాడేవారు. సాయంత్రాలు తోటలో మహఫిల్ జరిగేది. పండితులు, ఫకీర్లు, రాజాలు, పేదలు అన్ని మతాల వాళ్లూ వచ్చి కూర్చునేవారు. ఎవరికీ ప్రత్యేక పీట లేదు. సరోజినికి గంగా-జమునీ తెహజీబ్ పుస్తకాల్లో చదివి వచ్చింది కాదు, ఇంట్లో చూసి వచ్చింది.

పన్నెండేళ్లకే ఆమె మద్రాసు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. కూతురు లెక్కల్లోనో సైన్సులోనో రాణించాలని తండ్రి ఆశ. ఆమె మనసేమో కవిత్వం మీద. 1895లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడి పూలు, పిట్టల గురించి కాకుండా సొంత దేశం గురించి రాయమని విమర్శకుడు ఎడ్మండ్ గాస్ సలహా ఇచ్చారు. ఆ తర్వాత ఆమె కవితల్లోకి హైదరాబాద్ బజార్లు, పర్దానషీన్ స్త్రీలు, సాయంత్రపు అజాన్ వచ్చాయి.

1898లో తిరిగొచ్చి, తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడును పెళ్లి చేసుకున్నారు. కులం వేరు, ప్రాంతం వేరు. ఆ పెళ్లి మద్రాసులో కందుకూరి వీరేశలింగం పంతులు చేతుల మీదుగా జరిగింది.

1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తినప్పుడు ఆమె సహాయ పనుల్లో దిగారు. అక్కడి నుంచి రాజకీయాల్లోకి వచ్చారు. 1913లో లక్నోలో ముస్లిం లీగ్ సమావేశంలో మాట్లాడారు. ఖిలాఫత్ ఉద్యమానికి అండగా నిలిచారు. జిన్నాను హిందూ-ముస్లిం ఐక్యతకు రాయబారిగా నమ్మి, 1918లో ఆయన ప్రసంగాల సంపుటికి సంపాదకత్వం వహించారు. 1925లో కాన్పూర్‌లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. ఆ పదవి దక్కిన తొలి భారతీయ మహిళ ఆమే. 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించి జైలుకు వెళ్లారు.

ఇన్నేళ్లు ఐక్యత కోసం తిరిగిన మనిషికి 1947లో స్వాతంత్ర్యంతో పాటు విభజన కూడా చూడాల్సి వచ్చింది. తను నమ్మిన స్నేహితుడు సరిహద్దుకు అవతల వేరే దేశాధినేత అయ్యారు. ఆమె మాత్రం దారి మార్చుకోలేదు. యునైటెడ్ ప్రావిన్సెస్ (తర్వాతి ఉత్తరప్రదేశ్) గవర్నర్‌గా ఉంటూ 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

తమ్ముళ్ల కథలూ చిన్నవి కావు. వీరేంద్రనాథ్ బెర్లిన్ నుంచి బ్రిటిష్ వారిపై పోరాడి, 1937లో స్టాలిన్ రష్యాలో ప్రాణాలు కోల్పోయారు. కవి, నటుడు హరీంద్రనాథ్ 1952లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆశీర్వాద్ సినిమాలో పిల్లలంతా పాడుకున్న రైలు గాడీ పాట ఆయనదే. సరోజిని కూతురు పద్మజ పదేళ్లకు పైగా పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా ఉన్నారు. బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం అమ్మాయి, హైదరాబాదీగా మళ్లీ బెంగాల్‌కు వెళ్లిందన్నమాట.

1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దాని తొలి రోజులు ఈ బంగ్లాలోనే గడిచాయి. కాలేజీ పెట్టిన మాస్టారి ఇల్లు, వందేళ్లు నిండకముందే మళ్లీ చదువుకునే పిల్లలతో నిండింది.