రాళ్లలో పుప్పొడి వెతికిన బీర్బల్ సాహ్ని

నవంబర్ 14 అనగానే మనకు బాలల దినోత్సవం, నెహ్రూ గారు గుర్తుకొస్తారు. అదే తేదీన 1891లో పంజాబులోని భేరాలో బీర్బల్ సాహ్ని గారు జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి రుచిరామ్ గారు లాహోరులో కెమిస్ట్రీ అధ్యాపకులు. సాహ్ని గారు లాహోరులో, తర్వాత కేంబ్రిడ్జిలో చదివి, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులయ్యారు. 1936లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది.

మొక్కజొన్న చేలో నడిస్తే చొక్కాకు పసుపుపచ్చని పొడి అంటుతుంది కదా, అదే పుప్పొడి. దాని పై తొడుగు మహా గట్టిది. చెట్టు కుళ్లిపోయినా అది బురదలో కూరుకుపోయి కోట్ల ఏళ్లు నిలుస్తుంది. రాతిని ఆమ్లంలో కరిగించినా కరగదు. ఒక్కో జాతి పుప్పొడిది ఒక్కో ఆకారం. సూక్ష్మదర్శినిలో చూసి అక్కడ ఒకప్పుడు ఏ చెట్లుండేవో, ఆ రాయి ఏ కాలానిదో చెప్పవచ్చు. మన మేళ్లచెరువు వైపు సున్నపురాయిలో మాత్రం పుప్పొడి దొరకదు. అది నేల మీద చెట్లు పుట్టకముందుది.

దక్కను లావా పొరల మధ్య ఉన్న మొక్కల శిలాజాలను బట్టి, ఆ లావా అందరూ అనుకున్నంత పాతది కాదని సాహ్ని గారు 1934లో రాశారు. అలాంటి పొరలు మన రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలోనూ ఉన్నాయి. ఇప్పుడు ఆ లావా వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లని తేలింది. ఆయన లెక్క దాదాపు దగ్గరకే వచ్చింది.

ఉప్పు దగ్గర మాత్రం అలా జరగలేదు. పొగడ్తల మధ్య ఈ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. భేరాకు దగ్గరలోనే సైంధవ లవణం తీసే ఉప్పు కొండలున్నాయి. ఆ ఉప్పును నీళ్లలో కరిగించి వడకడితే చెక్క తునకలు, ఆకు పొరల ముక్కలు, పురుగుల అవశేషాలు కనిపించాయి. చెట్లు లేని కాలపు ఉప్పులో చెక్క ఎలా వస్తుంది? కాబట్టి ఆ ఉప్పు సుమారు 5 కోట్ల ఏళ్లనాటిదేనని ఆయన వాదించారు. కాదు, 50 కోట్ల ఏళ్లు దాటినదని కొందరు భూగర్భ శాస్త్రజ్ఞులు పట్టుబట్టారు. చివరికి వారి మాటే నిలిచింది. ఆ తునకలు తర్వాతి కాలంలో ఉప్పులోకి చేరాయని నేటి అభిప్రాయం.

ఆ తీర్పు చూడటానికి ఆయన లేరు. 1949 ఏప్రిల్ 3న లక్నోలో ఆయన సంస్థకు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. వారం తిరిగేసరికి గుండెపోటుతో సాహ్ని గారు కన్నుమూశారు. భార్య సావిత్రి గారు ఆ సంస్థ బాధ్యత తలకెత్తుకొని నిలబెట్టారు. దేశదేశాల శిలాజాలు పొదిగిన ఆ శంకుస్థాపన పలక ఇప్పటికీ అక్కడే ఉంది.